ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు: నొప్పి పోలేదు, 5,500 రూపాయలు మాత్రం వృథా పోలేదు

ముందే చెప్పేస్తున్నా. నొప్పి పోతుందేమో అనే ఆశతో ఇది చదువుతుంటే ఇక్కడే ఆపేయండి. నాకు పోలేదు, నాతో పాటు చేరిన పదకొండు మందిలో ఎవరికీ పూర్తిగా పోయినట్టు నేను వినలేదు. అయినా మొన్న మా వీధి చివర ఉండే ఆవిడ "నన్నూ చేరమంటావా అక్కా" అని అడిగితే చేరమనే అన్నాను. కాకపోతే చేరే ముందు ఏం అడగాలో, అక్కడ ఎవరి మాట వినాలో, ఎవరి మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయాలో అరగంట సేపు చెప్పి మరీ పంపాను. ఆ అరగంటే ఇది.

నా సంగతి. విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. కుడివైపు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి రెండేళ్ళు దాటింది. క్లాసులో చేరే నాటికి, క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను, ఐదేళ్ళు వేసుకోవాలి. చెకప్‌లన్నీ బాగానే ఉన్నాయి. అంటే ఊరి లెక్కలో నాకు తగ్గిపోయింది. "తగ్గిపోయింది కదమ్మా, ఇంకా నొప్పేమిటి" అని మా అత్తయ్య దగ్గర్నుంచి కొలతలిచ్చి వెళ్ళే కాలేజీ పిల్ల దాకా అందరూ అడిగినవాళ్ళే. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తర్వాత "ఆ, తగ్గింది" అనేయడం అలవాటైంది.

తగ్గింది జబ్బు. నొప్పి ఉండిపోయింది. చంక కింద నుంచి మోచేయి దాకా చేతి లోపలివైపు మొద్దుబారిపోయింది, ఆ మొద్దు మీదే చీర అంచు తగిలితే మంట. చంకలో గడ్డలు తీసేటప్పుడు అక్కడి నుంచి పోయే సన్నటి నరం దెబ్బతింటుంది, ఈ ఆపరేషన్ అయిన చాలామందికి ఇది ఉంటుందని సర్జన్ గారు చెప్పారు (ఆపరేషన్ అయ్యాక చెప్పారు, ముందు చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు లెండి). చేతివేళ్ళు, కాలివేళ్ళు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు పుణ్యం. గ్లవుజులు, సాక్సులు వేసుకుంటే ఎంతవరకు కప్పుతాయో సరిగ్గా అంతవరకే తిమ్మిరి. సూది పట్టుకుంటే పట్టుకున్నట్టు వేళ్ళకు తెలియదు, సూది లేనప్పుడేమో గుచ్చుతున్నట్టు ఉంటుంది. బ్లౌజుకు హుక్కులు కుట్టడం ఒకప్పుడు టీవీ చూస్తూ పది నిమిషాల పని. ఇప్పుడు అరగంట. అదీ లేతరంగు పట్టు అయితే ప్రతి హుక్కుకూ ఆగి వేలు చూసుకోవాలి, రక్తం వస్తోందేమో అని. ఒకసారి గంధం రంగు పట్టు మీద చుక్క పడనే పడింది, ఉమ్మి పెట్టి తుడిచాను, పోలేదు, లైనింగు మార్చి, లోపలికి మడిచి కుట్టి ఇచ్చాను. ఆ కస్టమరుకు ఇప్పటికీ తెలియదు.

ఈ మైండ్‌ఫుల్‌నెస్ (ఒంట్లో, మనసులో ఉన్నదాన్ని ధ్యాస పెట్టి గమనించడం) క్లాసు గురించి మా మరదలు వాట్సాప్‌లో ఒక పాంప్లెట్ పంపింది. పైన పెద్ద అక్షరాలతో "మందులు లేకుండా నొప్పి మాయం!" అని, కింద కళ్ళు మూసుకున్న తెల్లావిడ బొమ్మ, వెనక సముద్రం. విజయవాడలో సముద్రమేంటో. అది చూడగానే వద్దనుకున్నాను. కానీ ఆషాఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు, మిషను ఖాళీ, మా ఆయన "ఊరికే కూర్చుని వేళ్ళు చూసుకునే బదులు పోయి రావే" అన్నారు. అలా చేరాను.

పేరు రాయడం లేదు. ఇలాంటి క్లాసులు ఊళ్ళో ఒకటి కంటే ఎక్కువే నడుస్తున్నాయి, టీచరు మారితే అదే క్లాసు వేరే క్లాసు అయిపోతుంది. నేను చెప్పేది చదివి ఏ క్లాసునైనా మీరే బేరీజు వేసుకోవచ్చు.

మొగల్రాజపురంలో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ముప్పై ఎనిమిది మెట్లు, లెక్కపెట్టాను, ఎందుకంటే పాదాలకు స్పర్శ లేనివాళ్ళం మెట్లు లెక్కపెట్టుకునే ఎక్కుతాం. కీమో అయినవాళ్ళ కోసం అని పాంప్లెట్ మీద రాసుకుని రెండో అంతస్తులో గది తీసుకున్న మహానుభావుడు ఎవరో గానీ, రెయిలింగు ఒకవైపే, అదీ ఎడమవైపు, దిగేటప్పుడు నా నొప్పి చెయ్యి వైపుకు వస్తుంది. ఫీజు 5,500, మొత్తం ముందే కట్టాలి. ఎనిమిది ఆదివారాలు, పది నుంచి పన్నెండున్నర, మధ్యలో ఒక రోజంతా మౌనం. గదిలో ఏసీ ఉంది, చాపలు, కుర్చీలు రెండూ ఉన్నాయి. మంచినీళ్ళు చల్లవే పెట్టారు. చల్లటి గ్లాసు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమనేవాళ్ళం నలుగురం ఉన్నామని రెండో వారం చెప్తే మూడో వారానికి మామూలు నీళ్ళ బిందె వచ్చింది. చెప్తే వింటారు, ఆ మాట ఒప్పుకోవాలి.

టీచరు గారు అంతకుముందు ఫిజియోథెరపిస్టుగా చేశారట. మొదటి రోజు ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏంటంటే, "పాంప్లెట్ నేను రాయలేదండీ. నొప్పి మాయమవుతుందని ఎవరైనా వచ్చి ఉంటే ఇప్పుడే చెప్పండి, ఫీజు వెనక్కి ఇప్పిస్తాను." ఎవరూ లేవలేదు. నేను లేద్దామా అనుకున్నాను గానీ ఆ మాట అన్న మనిషి దగ్గర కూర్చోవచ్చు అనిపించింది.

ఈ ఎనిమిది వారాల పద్ధతి ఎక్కడిదో కూడా ఆవిడే చెప్పారు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన మొదలుపెట్టారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేసేసి, ఇక దీంతోనే బతకాలి అన్న రోగులను ఆయన దగ్గరికి పంపేవాళ్ళట. నడుం నొప్పులు, తలనొప్పులు, ఏళ్ళ తరబడి తగ్గనివి. ఆయన బౌద్ధ ధ్యానమూ, హఠయోగమూ నేర్చుకున్న మనిషి, అందులోంచి దేవుణ్ణీ మంత్రాన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి పనికొచ్చే ముక్క తీసుకున్నారు. "దీన్ని ఎరుక అంటే వేదాంతంలా ఉంటుంది. ధ్యాస పెట్టి చూడటం అనుకోండి చాలు" అన్నారు. ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. నాకు కుట్టు నేర్పిన పెద్దమ్మ గారు నా కుట్టు వంకరపోయినప్పుడల్లా "ధ్యాస ఎక్కడుందే నీకు" అని నెత్తి మీద ఒకటి ఇచ్చేది.

ఆ రోజే ఎండుద్రాక్ష పెట్టారు అందరి చేతుల్లో. ఎక్కడ నేర్పినా ఇదే మొదటి పాఠమట. ఒక్క ద్రాక్షను చూడాలి, వేళ్ళతో నలపాలి, వాసన చూడాలి, చెవి దగ్గర పెట్టుకోవాలి, నాలుక మీద పెట్టుకుని కాసేపు ఉండాలి, అప్పుడు కొరకాలి. నాకు లోపల నవ్వొచ్చింది, 5,500కి ఒక ద్రాక్ష. నా పక్కన గుంటూరు నుంచి బస్సులో వచ్చే పెద్దాయన కూర్చున్నారు, మిర్చి యార్డులో నలభై ఏళ్ళు గుమస్తాగా చేశారట, నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ అయింది, లాలాజలం ఊరదు, నీళ్ళ బాటిల్ లేకుండా మాట్లాడలేరు. ఆయన ద్రాక్షను చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు. టీచరు గారు వచ్చి "మీరు కొరకొద్దు బాబాయ్ గారూ, చేతిలో దాని బరువు చూడండి, అంతే" అన్నారు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు చూసి, చివర్లో "క్వింటాళ్ళు తూచాను గానీ ఇంత తక్కువ బరువు ఎప్పుడూ తూచలేదమ్మా" అన్నారు. గదంతా నవ్వింది. అప్పట్నుంచి మా బ్యాచ్‌కి ఆయనే పెద్ద.

బాడీ స్కాన్ అని ఇంకొకటి ఉంటుంది, పడుకుని ఎడమ కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టి తల దాకా ఒక్కొక్క భాగం మీద ధ్యాస పెట్టుకుంటూ రావాలి, ముప్పావు గంట. నాకు బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఏమీ లేదు, మొద్దు. చెయ్యెత్తి అడిగితే "ఏమీ తెలియకపోతే ఏమీ తెలియడం లేదని చూడండి, అదీ చూడటమే" అన్నారు. సరే. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. రెండేళ్ళుగా స్నానం చేసేటప్పుడు కూడా నేను అటు చూడను, చూడకుండా సబ్బు రాసుకోవడం వచ్చేసింది. కళ్ళు తెరిచి ఫ్యాను చూస్తూ పడుకున్నాను. అయిపోయాక ఆవిడ పక్కకు పిలిచి, అక్కడ ఆగక్కర్లేదు, దాటేయండి, కావాలంటే బయట ఆటోల చప్పుడు మీద ధ్యాస పెట్టి మళ్ళీ భుజం దగ్గర కలవండి అన్నారు. బలవంతంగా చూడమనే టీచరు దొరికితే లేచి వచ్చేయండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆరో వారానికి నా అంతట నేనే అక్కడ ఒక నిమిషం ఆగగలిగాను. కుట్లు పడిన చోట తాడు బిగించినట్టు ఉంది, దాని కింద గుండె కొట్టుకుంటోంది. అంతే ఉంది అక్కడ.

ఇక అసలు విషయం. నేను కట్టిన డబ్బుల విలువ మొత్తం మూడో వారంలోనే దక్కేసింది.

ఆ రోజు తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి "నొప్పి అనే మాట వాడకుండా మీ నొప్పి రాయండి" అన్నారు. అందరం బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాం. నొప్పిని నొప్పి అనక ఏమంటాం? కాసేపటికి ఎవరో "సలుపు" అన్నారు. అంతే, తూము తెరిచినట్టయింది. పోటు, తీపు, మంట, లాగుడు, పీకుడు, తిమ్మిరి, చురుక్కు, కలుక్కు, జివ్వు, బిగుసుకుపోవడం, చీమలు పాకడం. టీచరు గారు బోర్డు మీద రాస్తూనే ఉన్నారు, బోర్డు సరిపోలేదు. మన అమ్మమ్మలకు ఇన్ని మాటలు ఎందుకు ఉన్నాయో అప్పుడు తెలిసింది, వాళ్ళకు పారాసెటమాల్ లేదు, మాటలే ఉన్నాయి. బాబాయ్ గారు "కారం తినకుండానే కారం తిన్నట్టు" అని రాశారు.

నేను రాసింది ఇది. చేతి లోపలివైపు: చురుకు, చీర తగిలితే జివ్వు. వేళ్ళ కొనలు: పగలు తిమ్మిరి, రాత్రి మంట. వేళ్ళ కణుపులూ మోకాళ్ళూ: పొద్దున లేవగానే బిగుసు, పదింటికల్లా సడలుతుంది. భుజం: లాగుడు, చెయ్యెత్తి తీగ మీద చీర ఆరేసినప్పుడే. రాశాక ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. నాలుగు. రెండేళ్ళుగా నాకున్నది ఒక నొప్పి అనుకుంటూ వచ్చాను, ఆసుపత్రిలో సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే ప్రతిసారీ "ఆరు" అనేదాన్ని. ఆరు అంటే ఏం తెలుస్తుంది ఎవరికైనా? లూజు బ్లౌజు తెచ్చి "బాగోలేదు" అంటే నేను ఏం సరిచేస్తాను, చంకలోనా, నడుం దగ్గరా, భుజమా చెప్పాలి కదా. నా దగ్గరికొచ్చేవాళ్ళను రోజూ అదే అడుగుతాను, నన్ను నేను అడగలేదు.

తర్వాతి చెకప్‌కి ఆ కాగితం పట్టుకెళ్ళాను. డాక్టరు గారు మామూలుగా నాలుగు నిమిషాల్లో పంపించేస్తారు, బయట క్యూ అలా ఉంటుంది, ఆయన తప్పేం లేదు. ఆ రోజు కాగితం రెండుసార్లు చదివారు. మొదటి రెండూ నరాలవి అన్నారు. మూడోది లెట్రోజోల్ వల్ల, ఆ రకం మాత్రలు వేసుకునే చాలామందికి కీళ్ళు అలాగే బిగుస్తాయట. నాలుగోది ఆపరేషన్, రేడియేషన్ వల్ల భుజం పట్టేయడం, దానికి ఫిజియోథెరపీ, మాత్రలతో పని లేదు. కొన్ని వారాలు ఆపించి లెట్రోజోల్ బదులు అదే కోవలోని వేరే మాత్రకు మార్చారు. వేళ్ళకు డులాక్సెటిన్ రాశారు. కీమో వల్ల వచ్చిన నరాల నొప్పికి అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం సిఫారసు చేసే మందు అదొక్కటేనట, అందరికీ పనిచేయదని కూడా చెప్పారు. మెడికల్ షాపు అబ్బాయి చీటీ చూసి "ఇది డిప్రెషన్ మాత్ర కదా ఆంటీ" అని నలుగురిలో అన్నాడు. మా ఆయన మొహం మాడిపోయింది, ఇంటికొచ్చి రెండు రోజులు నన్ను అదోలా చూశారు. అదే మాత్ర నొప్పి కబురు మోసే నరాల మీద కూడా పనిచేస్తుందని మళ్ళీ డాక్టరు గారి చేతే ఫోనులో చెప్పించాల్సి వచ్చింది.

ఇప్పుడు వేళ్ళ మంట రాత్రిళ్ళు సగం తగ్గింది. పొద్దున బిగుసు ఎనిమిదింటికే సడలుతోంది. చేతి చురుకు ఎక్కడిదక్కడే ఉంది. ఇందులో మాత్ర వాటా ఎంత, క్లాసు వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను, కానీ ఆ కాగితం లేకపోతే ఆ మాత్రలు లేవు.

నాలుగో వారం రెండు బాణాల సంగతి చెప్పారు. బుద్ధుడి మాట, సల్లత్త సుత్తం అని పాళీలో ఉందట. బాణం తగిలితే ఒంటికి నొప్పి. ఆ తర్వాత ఏడుపు, కోపం, నాకే ఎందుకు అనుకోవడం రెండో బాణం, అది మనసుకు తగిలేది. మొదటిది ఎలాగూ తగిలింది, రెండోది ఎవరు వేస్తున్నారో చూడమన్నారు. అమరావతి స్తూపం మనకు బస్సు దూరం, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే పులిహోర తిని వచ్చాం, ఈ మాట నాకు చేరడానికి మాత్రం అమెరికా చుట్టి రావాల్సి వచ్చింది.

విన్నప్పుడు బాగుంది అనుకున్నానే గానీ అర్థమైంది ఒక రాత్రి. రెండింటికి మెలకువ వచ్చింది, వేళ్ళు మండుతున్నాయి. మండుతుంటే ఏం జరుగుతుందో మొదటిసారి వరసగా చూశాను. మంట. ఆ వెంటనే "మళ్ళీ తిరగబెట్టిందేమో." దాని వెనకే "అమ్మాయి పెళ్ళి దాకా ఉంటానా." దాని వెనక "శ్రావణం ఆర్డర్లు ఎలా." దాని వెనక ఎప్పుడో పదేళ్ళ కిందట మా ఆడపడుచు అన్న మాట, దానికీ వేళ్ళకూ ఏం సంబంధం? ఇంతాచేసి వేళ్ళు మొదట ఎంత మండాయో అంతే మండుతున్నాయి, పళ్ళు మాత్రం గట్టిగా బిగబట్టి ఉన్నాను, భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. భుజాలు దించాను. మంట ఉంది. చల్లటి గచ్చు మీద పాదాలు పెట్టుకుని కూర్చున్నాను, గచ్చు సగం తెలుస్తోంది, సగం తెలియడం లేదు. ఎప్పుడు నిద్రపట్టిందో గానీ పట్టింది. రోజూ ఇలా జరుగుతుందని అనుకోకండి, వారంలో రెండుసార్లు కుదిరితే ఎక్కువ, మిగతా రాత్రిళ్ళు మామూలుగానే ఆడపడుచుతో పోట్లాడుతూ ఉంటాను.

పనిచేస్తుందని రుజువేమైనా ఉందా అని బ్యాచ్‌లో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు అడిగారు. రొమ్ము క్యాన్సర్ అయ్యాక నొప్పి ఉండిపోయిన 129 మంది ఆడవాళ్ళ మీద డెన్మార్క్‌లో చేసిన పరీక్ష గురించి టీచరు గారు చెప్పారు, 2016లో వచ్చింది. ఇలాంటిదే ఎనిమిది వారాల క్లాసు చేసినవాళ్ళకు, క్లాసు కోసం వేచి ఉన్నవాళ్ళతో పోలిస్తే నొప్పి కొంత తగ్గింది. "కొంత" అనే మాట ఆవిడ నొక్కి పలికారు. మాస్టారు తృప్తిపడ్డారు, నేనూ.

ఇక తిట్టాల్సినవి. అన్నిటికంటే పెద్దది, అక్కడ ఒక వాలంటీరు కుర్రాడు ఉండేవాడు, చాపలు పరిచి హాజరు వేసుకునే పని. ఐదో వారం టీ దగ్గర ఒకావిడతో "మాత్రలు ఆపితేనే ఆంటీ లోపలి శక్తి పనిచేసేది" అంటున్నాడు. ఆవిడ అప్పటికే నాలుగు రోజులుగా ఆపేసింది, ఏది ఆపిందీ అంటే నొప్పి మాత్ర కాదు, లెట్రోజోల్! అది క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చేది, నొప్పికీ దానికీ ఉన్న సంబంధమల్లా నొప్పి తెప్పించడమే. నాకు ఒళ్ళు మండి అందరి ముందే అరిచాను (మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో అరిచిన ఘనత నాదే). టీచరు గారు వచ్చి అందరికీ వినబడేలా చెప్పారు, ఏ మాత్రా డాక్టరుకు చెప్పకుండా ఆపొద్దు, నరాల మాత్రలైతే ఉన్నపళంగా ఆపితే ఇంకో రకం బాధ మొదలవుతుందని. ఆ కుర్రాణ్ణి తర్వాతి వారం నుంచి చూడలేదు. పాంప్లెట్ మాత్రం ఇప్పటికీ అదే తిరుగుతోంది, మొన్న కూడా నాకు ఇంకెవరో పంపారు. ఆఫీసులో రెండుసార్లు చెప్పాను, "మార్కెటింగ్ వాళ్ళకు చెప్తామండీ" అన్నారు.

రెండోది, కొత్త నొప్పి సంగతి మొదటి రోజే చెప్పాలి, చెప్పలేదు. ఒకావిడ మూడు వారాలుగా కొత్తగా మొదలైన నడుం నొప్పిని పాపం ఇంట్లో కూర్చుని గమనిస్తోంది. నాలుగో వారం మాటల్లో బయటపడితే టీచరు గారు ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపారు. స్కానులో డిస్కు అని తేలింది, బతికిపోయింది. మనలాంటివాళ్ళకు కొత్తగా వచ్చిన నొప్పి, ముఖ్యంగా ఎముకల్లో, రాత్రిళ్ళు పెరిగేది, ముందు డాక్టరుకు చూపించి ఆ తర్వాత ఎంతసేపైనా గమనించుకోవచ్చు. ఈ మాట గోడ మీద రాసి పెట్టాలి అక్కడ.

మూడోది ఆడియో. ఇంట్లో సాధన కోసం వాట్సాప్‌లో పంపే రికార్డింగు ఎవరో రేడియో గొంతాయన చేత చదివించారు. "మీ పాదాగ్రముల యందు దృష్టిని నిలుపుడు" అంటాడు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. క్లాసులో ఆవిడ "కాలివేళ్ళ దగ్గర ఏముందో చూడండి, ఊరికే చూస్తూ ఉండండి" అంటారు, ఆ గొంతే రికార్డు చేసి పంపొచ్చుగా? మేం నలుగురం ఆవిడ అనుమతితో ఫోనులో రికార్డు చేసుకున్నాం, ఇప్పుడు అదే వింటున్నాను.

రోజూ ముప్పావు గంట, వారానికి ఆరు రోజులు చేయమంటారు. ఎవరు చేస్తారండీ. ఆషాఢంలో నేను అరగంట చేశాను. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం బ్లౌజులు మీద పడ్డాయి, పది నిమిషాలకు దిగింది, అదీ మిషను ముందు స్టూలు మీదే, బాబిన్ నింపుకుంటూ. ఆరో వారం తర్వాత వచ్చే మౌనం రోజుకు మధ్యాహ్నం దాకే ఉన్నాను. పొద్దున బాగానే గడిచింది, పదకొండింటికి పక్క వీధి ఫంక్షన్ హాల్లో మైకు మొదలైంది, డీజే పాటలు. చప్పుడు కూడా గమనించండి అన్నారు టీచరు గారు. గమనించాను. భోజనం పెరుగన్నం, ఆవకాయ, మాట్లాడకుండా తినాలి. బాబాయ్ గారు ఆవకాయ వంక ఒక చూపు చూసి గిన్నె నా వైపు జరిపారు, మౌనం కాబట్టి ఏమీ అనలేదు.

విపశ్యన ధ్యాన శిబిరానికి పోవచ్చు కదా, ఏలూరు దగ్గర విజయరాయిలో ఉంది, డబ్బులు కూడా అడగరు అని కొందరు అంటారు. నిజమే, అది దానాల మీద నడుస్తుంది, నాకు తెలిసినవాళ్ళు వెళ్ళి బాగుపడ్డారు. కానీ పది రోజులు ఇల్లు వదిలి, మాట లేకుండా, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రోజంతా కూర్చోవాలి. నా నడుం, నా ఆర్డర్లు ఒప్పుకోవు. ఈ క్లాసులో కుర్చీలో కూర్చున్నా, గోడకు ఆనుకున్నా, మధ్యలో లేచి నడిచినా ఎవరూ ఏమీ అనరు. ట్రీట్‌మెంట్ అయి ఏడాది కూడా కానివాళ్ళకు ఇదే నయం అని నా అభిప్రాయం.

స్టార్లు అంటే, టీచరు గారికి ఐదు, నడిపేవాళ్ళకు రెండు, మెట్లకు సున్నా. మొత్తం మీద మూడున్నర వేసుకోండి.

వెళ్ళేవాళ్ళకు: డెమో క్లాసు ఉచితం, అందులో టీచరును నేరుగా అడగండి, మాత్రలు ఆపమంటారా అని. తటపటాయిస్తే దండం పెట్టి వచ్చేయండి. చేతి వాపు ఉన్నవాళ్ళు ఆ చెయ్యి పెట్టుకోవడానికి ఇంకో దిండు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడివి అప్పడాల్లా ఉంటాయి. బండి పెట్టడానికి చోటు లేదు, ఆటోలో పోవడమే మేలు. తర్వాతి బ్యాచ్ కార్తీకంలో అట. కింద అంతస్తులో గది చూస్తున్నామని చెప్పారు, అక్కడ ఇప్పుడు మొబైల్ షాపు ఉంది.